మీ సోఫా కడిగే మెషిన్‌ని ఎవరు కడుగుతారు?

హైదరాబాద్‌లో సోఫా క్లీనింగ్ బుక్ చేసుకున్నవాళ్లకు ఈ దృశ్యం బాగా తెలుసు. పని అయిపోయాక క్లీనింగ్ కుర్రాడు మెషిన్ ట్యాంకు మూత తీసి లోపలి నీళ్లు చూపిస్తాడు. చిక్కటి టీ డికాక్షన్ రంగు. పైన నురగ, అడుగున ఇసుక, మధ్యలో తేలే వెంట్రుకలు. "చూశారా మేడమ్, ఇదంతా మీ సోఫాలోదే" అంటాడు. ఇంటావిడ ముక్కు మీద వేలేసుకుని ఫోన్‌తో ఫొటో తీస్తుంది, అది కాసేపట్లో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్తుంది. నీళ్లు బాత్‌రూమ్‌లో పారబోస్తారు. మూత పడుతుంది, పైపు చుట్ట చుడతారు, మెషిన్ లిఫ్టులో కిందికి దిగి బైక్ మీద ఇంకో కాలనీకి బయల్దేరుతుంది.

ఆ నీళ్లను అందరూ పని అయ్యాకే చూస్తారు. పని మొదలవకముందు మూత తీయమని అడిగేవాళ్లు చాలా అరుదు. అడిగితే అంతకుముందు ఇంటి సోఫా ఎలా ఉండేదో కొంచెం తెలిసిపోతుంది. పారబోసినంత మాత్రాన ట్యాంకు ఖాళీ అవుతుందే గానీ శుభ్రం కాదు. గోడలకు పట్టిన జిడ్డు, రబ్బరు అంచున ఇరుక్కున్న వెంట్రుకలు, పైపు మడతల్లో నిలిచిన మురికినీళ్లు తర్వాతి ఇంటికి చేరతాయి.

ఈ సంగతి ఎత్తితే చాలామంది వెంటనే అడిగేది మందు పేరు. ఏ శానిటైజర్ వాడుతున్నారు, ఏ కంపెనీది, ఎన్ని శాతం క్రిముల్ని చంపుతుంది? నిజానికి దానికంటే ముందు అడగాల్సింది వేరే ఉంది. ఒక ఇంటికీ ఇంకో ఇంటికీ మధ్య ఆ మెషిన్ కడగడానికి ఎంత టైమ్ ఉంది, ఆ టైమ్‌కి డబ్బు ఎవరు ఇస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు లేనంతవరకు ఎంత ఖరీదైన మందు కొన్నా దాని పని సగమే జరుగుతుంది.

నీళ్లు నడిచే దారి

సోఫాలు, కార్పెట్లు కడిగే మెషిన్లు మన ఊళ్లలో ఎక్కువగా రెండు రకాలు. ఒకటి మామూలు వెట్ అండ్ డ్రై వాక్యూమ్. షాంపూని బకెట్లో కలిపి, చేత్తోనో డ్రిల్‌కి తగిలించిన బ్రష్‌తోనో గుడ్డ మీద రుద్ది, ఆ నురగని వాక్యూమ్‌తో లాగేస్తారు. రెండోది స్ప్రే చేసి వెనక్కి పీల్చే మెషిన్. దీంట్లో రెండు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్లు, మందు కలిపిన ట్యాంకు ఒకటి, పీల్చిన మురికినీళ్లు చేరే ట్యాంకు ఒకటి. ఈ పనిలో బాగా కనిపించే కార్చర్ పుజ్జీ 10/1 లాంటి చిన్న మెషిన్‌లో మంచినీళ్లకు 10 లీటర్లు, మురికినీళ్లకు 9 లీటర్లు పడతాయి.

మంచినీళ్ల ట్యాంకులోంచి పంపు నీటిని సన్నటి గొట్టం ద్వారా నాజిల్ దాకా తోస్తుంది. అది సోఫా గుడ్డలోకి చిమ్ముకుని, మురికిని పట్టుకుని, అరక్షణంలో అదే నాజిల్ పెదవి గుండా వెనక్కి లాగబడుతుంది. నాజిల్ మీద చిన్న అద్దం లాంటి కిటికీ ఉంటుంది, నీటి రంగు కనపడడానికి. అక్కడి నుంచి రెండు మూడు మీటర్ల పైపులోకి. ఈ పైపు లోపలి భాగం నున్నగా ఉండదు, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది. ప్రతి మడతలోనూ కాసిని నీళ్లు ఆగుతాయి. పైపు దాటాక మురికినీళ్ల ట్యాంకు. దాని పైభాగంలో నీళ్లు మోటార్‌లోకి పోకుండా ఆపే తేలే బంతి, దాని చుట్టూ జల్లెడ, మూతకు రబ్బరు వాషర్.

మురికి దాక్కునే చోట్లు ఈ దారిలో చాలా ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువ నాజిల్ పెదవి దగ్గరే. అక్కడ వెంట్రుకలు, దారప్పోగులు, పెంపుడు కుక్క బొచ్చు కలిసి తడి ముద్దలా పేరుకుంటాయి. వేలు పెట్టి లాగితే వస్తుంది. ఆ తర్వాత జల్లెడ. దాని కన్నాల్లో నురగ ఎండి గట్టిపడి ఉంటుంది. ఇక చేతి బ్రష్‌లు. మెషిన్ పైకి మెరుస్తూ ఉన్నా, కుచ్చుల మొదట్లో తడి, జిడ్డు, చర్మపు పొట్టు కలిసి ఉంటాయి. మెషిన్ పీల్చుకునేది మురికినే. బ్రష్ మాత్రం తనలో ఉన్నదాన్ని తర్వాతి సోఫాకి నేరుగా రుద్దుతుంది. అందుకే మెషిన్ గురించి ఎంత పట్టించుకోవాలో బ్రష్‌ల గురించి అంతకు రెట్టింపు పట్టించుకోవాలి.

మంచినీళ్ల ట్యాంకు గురించి ఎవరూ అనుమానపడరు. పేరులోనే మంచి ఉంది కదా. కానీ మిగిలిపోయిన షాంపూ నీళ్లను పారబోయడం ఎందుకని రాత్రంతా అలాగే ఉంచేస్తే, ట్యాంకు గోడలకు, సన్నటి గొట్టం లోపల పాచి పడుతుంది. చేత్తో తాకితే జారే ఆ జిగట పొర సూడోమోనాస్ లాంటి నీటి బ్యాక్టీరియా కట్టుకున్న ఇల్లు. ఈ జాతి బ్యాక్టీరియా పల్చగా కలిపిన క్రిమిసంహారక ద్రావణాల్లో కూడా బతికిన సందర్భాలు ఆసుపత్రుల్లో ఎన్నోసార్లు బయటపడ్డాయి. మురికినీళ్ల ట్యాంకులో ఉన్నది ఎలాగూ లోపలికే పోతుంది. మంచినీళ్ల ట్యాంకులో ఉన్నది సన్నటి తుంపరగా తర్వాతి ఇంటి సోఫా మీదికి, గదిలోని గాలిలోకి వస్తుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లో, కీమోథెరపీ నడుస్తున్నవాళ్లో ఉంటే ఈ తేడా చిన్నది కాదు.

వాక్యూమ్ వెనక నుంచి వచ్చే గాలి సంగతీ ఇలాంటిదే. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ పరిశోధకులు 21 వాక్యూమ్ క్లీనర్లను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. మెషిన్లు నడుస్తున్నప్పుడు సన్నటి ధూళి కణాలు, బ్యాక్టీరియా బయటికి వస్తున్నాయని తేలింది. హెపా ఫిల్టర్, అంటే అతి సన్నటి ధూళిని కూడా ఆపే ఫిల్టర్ ఉన్నవాటిలో ఇది కొంత తగ్గుతుంది. కానీ వెట్ వాక్యూమ్‌లలో చాలావాటికి హెపా ఉండదు, ఉన్నా తడిసిపోయి పాడవుతుంది.

ఇంటి నుంచి ఇంటికి ఏం వెళ్తుంది

ఇక్కడ భయపెట్టడం తేలిక. అందుకే లెక్క సరిగ్గా చెప్పుకోవాలి. సోఫాలో ఉండే బ్యాక్టీరియాలో అత్యధిక భాగం మన చర్మం మీద ఉండేదే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు దానివల్ల ఏమీ కాదు. చాలా సూక్ష్మజీవులు ఎండిపోతే గంటల్లోనో రోజుల్లోనో చచ్చిపోతాయి. అసలు టెన్షన్ పడాల్సినవి కొన్నే. అవి ఎండిపోవడాన్నీ ఆకలినీ కూడా తట్టుకునే రకాలు.

మొదటివి నల్లులు. పాత తరానికి ఇవి కొత్త కాదు. చెక్క మంచాల సందుల్లో నల్లులు పడితే మంచాన్ని వాకిట్లోకి లాగి, పట్టెల్లో మరిగే నీళ్లు పోసి, ఎండలో నిలబెట్టేవాళ్లు. ఆ పద్ధతిలో అసలు కిటుకు వేడి. 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి నిజంగా తగిలితే పెద్ద నల్లి, పిల్ల నల్లి, గుడ్డు, అన్నీ త్వరగా చస్తాయి. ఆ వేడి సందు లోపలి దాకా చేరడమే కష్టం. నల్లి గుడ్డు మిల్లీమీటరు పొడవుంటుంది, తెల్లగా, అంటుకునే జిగురుతో ఉంటుంది. వారం పది రోజుల్లో పొదుగుతుంది. పెరిగిన నల్లి రక్తం దొరక్కపోయినా నెలల తరబడి బతుకుతుంది. వాక్యూమ్ దాన్ని పీలుస్తుందే గానీ చంపదు. పొడిగా పీల్చినప్పుడు సంచిలోనో పైపులోనో బతికున్న నల్లి మెల్లగా బయటికి నడిచి వస్తుంది. పైపు చుట్టలోనో, గుడ్డల సంచి కుట్టులోనో కూర్చుంటే తర్వాతి ఇంటికి వెళ్లడానికి దానికి ఇంకేం అక్కర్లేదు. వర్కర్ ఇంటికి వెళ్లడానికి కూడా.

రెండోది తామర. గత పదేళ్లుగా మన దేశంలో మొండి తామర ఎంత పెరిగిందో ఏ చర్మ డాక్టర్ ఓపీలో కూర్చున్నా తెలుస్తుంది. మామూలు మందులకు లొంగని ఒక రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు, పేరులోనే ఇండియా ఉంది. రోగి చర్మపు పొట్టులో ఈ శిలీంధ్రపు బీజాలు రాలి గుడ్డల్లో చాలాకాలం ఉంటాయి. పిల్లుల నుంచి వచ్చే తామర బీజాలైతే ఏడాదికి పైగా బతకగలవు. సోఫా క్లీనింగ్ వల్లే తామర వ్యాపిస్తోంది అనడానికి ఆధారం లేదు, అలా అనడం తప్పు కూడా. కానీ ఒక తామర రోగి పడుకునే దివాన్ మీద రుద్దిన బ్రష్‌ని ఉతక్కుండా పక్కింటి పసిబిడ్డ ఆడుకునే కార్పెట్ మీద రుద్దడం ఎవరూ ఒప్పుకునే పని కాదు.

మూడోది వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్. పిల్లవాడు సోఫా మీద వాంతి చేసుకున్న మర్నాడే చాలామంది క్లీనింగ్ బుక్ చేస్తారు. ఈ వైరస్ ఎంత మొండిదో చెప్పే ఒక ఉదంతం బ్రిటన్‌కు చెందిన ఒక వైద్య పత్రికలో 1997లో వచ్చింది. ఒక ఆసుపత్రి వార్డులో ఇలాంటి విరేచనాల వ్యాధి ప్రబలి తగ్గిపోయింది. చివరి కేసు తర్వాత దాదాపు రెండు వారాలకు ఆ వార్డు కార్పెట్‌ని పీకిన ఇద్దరు పనివాళ్లు అదే జబ్బుతో పడ్డారు. మధ్యలో ఆ కార్పెట్‌ని రోజూ వాక్యూమ్ చేస్తూనే ఉన్నారు. అక్కడ జబ్బు పడింది రోగులు కాదు, కార్పెట్ మీద చేతులు పెట్టిన కార్మికులు. ఈ వృత్తిలో ముందు నష్టపోయేది ఎవరో దీన్ని బట్టే తెలుస్తుంది.

పెంపుడు జంతువులున్న ఇళ్లలో ఇంకొన్ని. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ ఇంటి లోపల నెలల తరబడి నిలుస్తుంది. పిడుదులు, వాటి గుడ్లు కార్పెట్ అంచుల్లో ఉంటాయి. పిల్లి ఎలర్జీ పదార్థమైతే పిల్లి లేని ఇళ్లలో కూడా దొరుకుతుంది, మనుషుల బట్టల మీద ప్రయాణించి. అది జీవి కాదు కాబట్టి దాన్ని ఏ మందూ చంపలేదు. కడిగి తీసేయడం ఒక్కటే దారి.

వాసన, మందు, సబ్బు

కోవిడ్ కాలం మనకొక అలవాటు మిగిల్చి వెళ్లింది. స్ప్రే కొడితే శుభ్రమైనట్టు అనిపిస్తుంది. మనుషుల మీద క్రిమిసంహారక మందు చల్లవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. వీధుల్లో చల్లడం వల్ల ప్రయోజనం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మే నెలలో చెప్పింది. మట్టి, చెత్త ఉన్నచోట మందు పనిచేయదన్నది వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. అదే కారణం సోఫా మెషిన్‌కి అచ్చంగా వర్తిస్తుంది. తలుపు దగ్గర నిలబడి మెషిన్ మీద నాలుగు స్ప్రేలు కొట్టి, "శానిటైజ్ చేశాం సార్" అంటే అది బయటి ప్లాస్టిక్‌కి మాత్రమే. పైపు మడతల్లోకి, జల్లెడ కన్నాల్లోకి ఒక్క చుక్క కూడా వెళ్లదు.

ఇక ఈ పనిలో చాలామంది గమనించని రసాయన గొడవ ఒకటుంది. మార్కెట్లో దొరికే క్రిమిసంహారకాల్లో, ఫ్లోర్ క్లీనర్లలో ఎక్కువగా ఉండేది బెంజాల్కోనియం క్లోరైడ్ లాంటి 'క్వాట్' రకం రసాయనం. దాని అణువుకు ధన విద్యుదావేశం ఉంటుంది. మామూలు సబ్బులు, కార్పెట్ షాంపూల్లో ఎక్కువభాగం రుణ విద్యుదావేశం ఉన్న రకాలు. రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టేసుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. షాంపూ నురగ ఇంకా అంటుకునే ఉన్న ట్యాంకులో క్వాట్ మందు పోస్తే మందు మందు పని చేయదు, సబ్బు సబ్బు పని చేయదు. వాసన మాత్రం ఘాటుగా వస్తుంది, కాబట్టి అందరికీ నమ్మకం కలుగుతుంది. పైగా కాటన్ గుడ్డని క్వాట్ ద్రావణంలో ముంచి తుడిస్తే, రసాయనాన్ని గుడ్డే చాలావరకు పీల్చుకుంటుంది. షాంపూ నురగ పూర్తిగా పోయేదాకా మంచినీళ్లతో కడిగాకే మందు పోయాలి. ఈ ఒక్క వరుస తప్పితే మిగతాదంతా దండగ.

క్వాట్‌లకు తామర బీజాలు, నోరోవైరస్, పార్వో సరిగా లొంగవు. వాటికి బ్లీచ్ కావాలి, లేదంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ మిశ్రమాలు. బ్లీచ్ అంటే కిరాణా షాపుల్లో 4, 5 శాతంలో దొరికే సోడియం హైపోక్లోరైట్. 5 శాతం సీసాలోంచి లీటరు నీటికి 20 మిల్లీలీటర్లు కలిపితే 0.1 శాతం ద్రావణం అవుతుంది. కడిగిన ప్లాస్టిక్ ట్యాంకుకి, నాజిల్‌కి, నైలాన్ బ్రష్‌లకి అది చాలు. 10 నిమిషాలు తడిగా ఉండాలి. వాంతి, విరేచనాలు తుడిచిన బ్రష్‌లైతే ఇంకా చిక్కగా కలపాలి. ఎండలో పెట్టిన సీసా, నెలల కిందట మూత తీసిన సీసా బలం కోల్పోతాయి, కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

బ్లీచ్ తర్వాత మంచినీళ్లతో మళ్లీ కడగడం మాత్రం తప్పకూడదు. ఇది మన తివాచీలకు ప్రాణం లాంటి విషయం. ఏలూరులో నేసే ఉన్ని తివాచీలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో, పాత బంగళాల్లో ఉన్నాయి. ఉన్నిని హైపోక్లోరైట్ తినేస్తుంది. రంగు పోవడమే కాదు, ఉన్ని పోగే కరిగి పెళుసైపోతుంది. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ జంపఖానాలు ఎక్కువగా నూలువి, వాటికి రంగు మచ్చలు పడతాయి. మొదటి ఇంట్లో శుభ్రత కోసం పోసిన బ్లీచ్ పైపులో అర గ్లాసు మిగిలి, రెండో ఇంట్లో తాతల నాటి తివాచీ మీద పడితే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. పంపులోని రబ్బరు సీళ్లకు కూడా బ్లీచ్ మంచిది కాదు, కంపెనీ మాన్యువల్ ఒప్పుకుంటే తప్ప దాన్ని పంపు గుండా నడపకూడదు.

ప్రాణాపాయం ఉన్నవి రెండున్నాయి. బ్లీచ్‌ని బాత్‌రూమ్ యాసిడ్‌తో గానీ టాయిలెట్ క్లీనర్‌తో గానీ కలపకూడదు, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. కస్టమర్ బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని ట్యాంకు కడిగే కుర్రాడికి ఇది ఎవరైనా ముందే చెప్పి ఉండాలి. రెండోది, స్పిరిట్ లేదా ఆల్కహాల్ శానిటైజర్‌ని వాక్యూమ్‌తో పీల్చకూడదు. మోటార్‌లో వచ్చే చిన్న నిప్పురవ్వకి ఆ ఆవిరి అంటుకుంటుంది. హ్యాండిల్, స్విచ్, వైరు తుడవడానికి ఆల్కహాల్ మంచిదే, కానీ మెషిన్ ఆపి, ప్లగ్ తీసి తుడవాలి, అది ఆరాకే మెషిన్ మళ్లీ వాడాలి.

'99.9 శాతం' అనే మాట గురించి కూడా. అమెరికా పర్యావరణ సంస్థ లెక్కలో కార్పెట్ శానిటైజర్ అని రాసుకోవాలంటే గంటలోపు 99.9 శాతం బ్యాక్టీరియాని తగ్గించి చూపాలి. పది లక్షలుంటే వెయ్యి మిగులుతాయన్నమాట. ముందు కడిగి పది లక్షల్ని పదివేలు చేస్తే, ఆ తర్వాత మందుకి మిగిలేది పది. అంకె ఒక్కటే, ముందు ఎంత కడిగామన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

ఇరవై నిమిషాలు ఎవరివి

సరైన పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. మురికినీళ్లు కస్టమర్ ఇంటి టాయిలెట్‌లోనే పారబోయాలి, బాల్కనీలో కాదు, ఎందుకంటే బాల్కనీ గొట్టం చాలాచోట్ల వాననీళ్ల కాలవలోకి పోతుంది. జల్లెడ, నాజిల్, తేలే బంతి ఊడదీసి వెంట్రుకలు చేత్తో తీసేయాలి, గ్లోవ్స్ వేసుకుని. గీజర్ నీళ్లు ఒక బకెట్, మెషిన్ తట్టుకునేంత వేడితో, అందులో నాలుగు చుక్కల డిటర్జెంట్. ఆ నీటిని నాజిల్‌తో పీల్పిస్తే పైపు, ట్యాంకు లోపలి దారంతా ఒకసారి కడుక్కుంటుంది. ఆ తర్వాత మంచినీళ్లు పీల్పించి నురగ పోగొట్టాలి. అప్పుడు మందు, 10 నిమిషాలు. ఆ 10 నిమిషాల్లో వైర్లు చుట్టుకోవడం, బిల్లు, సంతకం అయిపోతాయి. చివరగా మళ్లీ మంచినీళ్లు, పొడి గుడ్డ. పైపుని రెండు నిమిషాలు ఖాళీగా నడిపిస్తే లోపలి తడి చాలావరకు లాగేస్తుంది.

మొత్తం 20 నిమిషాలు, పది పదిహేను లీటర్ల నీళ్లు. ఎండాకాలంలో ట్యాంకర్ మీద బతికే అపార్ట్‌మెంట్లలో ఆ నీళ్లు కూడా అడగాల్సిన విషయమే.

బ్రష్‌లు, మైక్రోఫైబర్ గుడ్డలు మాత్రం ఇంట్లోనే శుభ్రం చేసి పక్కింటికి తీసుకెళ్లడం కుదరదు. ఆరడానికి టైమ్ ఉండదు. రోజుకు నాలుగు ఇళ్లుంటే నాలుగు సెట్లు, రెండు సంచులు. ఉతికినవి ఒక రంగు సంచిలో, వాడినవి ఇంకో రంగు సంచిలో మూతి బిగించి. రాత్రికి అన్నీ కలిపి 60 డిగ్రీల నీటిలో ఉతికి, ఎండలో ఆరేయాలి. ఆసుపత్రుల్లో ఏళ్లుగా నడుస్తున్న పద్ధతే ఇది. విశాఖ లాంటి తేమ ఊళ్లలో, వానాకాలంలో ఆరడమే అసలు పరీక్ష. రాత్రి మెషిన్ మూత పెట్టి మూలన పడేస్తే తెల్లారేసరికి లోపల ముక్కిన వాసన వస్తుంది. మూత తీసి, పైపుని రెండు కొసలూ కిందికి వేలాడేలా తాడుకి తగిలిస్తే ఆ గొడవ ఉండదు.

నల్లులున్న ఇల్లు తగిలితే లెక్క మారుతుంది. సోఫా కుట్టుల్లో నల్లటి చుక్కలు, ఒలిచిన పొట్టు కనిపించగానే పని ఆపి, ముందు పెస్ట్ కంట్రోల్ చేయించుకోమని మర్యాదగా చెప్పాలి. నల్లులు పట్టడం ఆ ఇంటివాళ్ల తప్పు కాదు. రైల్లో వచ్చిన సూట్‌కేస్‌తోనో హాస్టల్ నుంచి వచ్చిన పరుపుతోనో వస్తాయి. ఒకవేళ అప్పటికే మెషిన్ వాడేసి ఉంటే ఆ రోజుకి మిగతా బుకింగ్‌లు ఆగాలి. పొడి చెత్త సంచిని అక్కడే మూతి కట్టి బయట పడేయాలి. గుడ్డలు, యూనిఫాం వేడినీళ్లలోకి. పైపు, బ్రష్‌లు కూడా వాటికి తట్టుకునేంత వేడి నీళ్లలో నాననివ్వాలి.

ఇంతవరకూ చెప్పినదాంట్లో తెలియని రహస్యం ఏదీ లేదు. చాలామంది వర్కర్లకు ఇందులో సగం తెలుసు. మరి ఎందుకు జరగడం లేదు? యాప్‌లో ఒక బుకింగ్‌కి ఇంత టైమ్ అని ఉంటుంది. ఆ టైమ్ సోఫా సీట్ల లెక్కన కట్టింది, మెషిన్ కడగడం అందులో లేదు. తర్వాతి ఇల్లు కూకట్‌పల్లిలో ఉంటే, ట్రాఫిక్‌లో ఇరుక్కుని లేటైతే రేటింగ్ పడిపోతుంది. రేటింగ్ పడితే బుకింగ్‌లు తగ్గుతాయి. మెషిన్ కడగలేదని రేటింగ్ తగ్గించినవాళ్లు ఎవరూ లేరు, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు. కనిపించే ఆలస్యానికి శిక్ష ఉంది, కనిపించని మురికికి లేదు. అలాంటప్పుడు ఆ కుర్రాడు ఏది ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. అతన్ని తిట్టి లాభం లేదు. ఆ 20 నిమిషాలను బుకింగ్ టైమ్‌లోనే కలిపి, కూలీ కట్టి, ధరలో చూపించాల్సింది సర్వీస్ నడిపేవాళ్లు. అదనపు బ్రష్‌లు, గ్లోవ్స్, బ్లీచ్ ఖర్చు వర్కర్ జేబులోంచి పోకూడదు. కొన్ని చోట్ల అలా పోతుండడం వల్లే ఒక్క బ్రష్ మూడు నెలలు నడుస్తుంది.

ఇంకో మాట ఎవరూ చెప్పరు. రాత్రి ఆ మెషిన్ నిద్రపోయేది ఎక్కువగా వర్కర్ ఇంట్లోనే. ఒకటిన్నర గదిలో, పిల్లలు పడుకునే చాప పక్కన. ఊళ్లోని అన్ని ఇళ్ల మురికీ ఆఖరికి చేరేది అక్కడికి. క్లయింట్ ఆరోగ్యం కోసమని మొదలుపెట్టిన ఈ చర్చలో ఆ పిల్లల ఆరోగ్యాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

కస్టమర్ చేయగలిగింది కూడా ఉంది, అది పెద్ద పనేమీ కాదు. కుర్రాడు మెషిన్ లోపలికి తేగానే, పని మొదలుపెట్టకముందు మూత ఒకసారి తీసి చూపించమని అడగొచ్చు. తెల్ల టిష్యూ ఒకటి తీసుకుని నాజిల్ పెదవి లోపల తిప్పి చూడొచ్చు. గోధుమ రంగు అంటితే కోప్పడకుండా, గీజర్ వేసి, బాత్‌రూమ్ చూపించి, "ముందు ఇది ఒకసారి కడిగేసుకోండి బాబూ, తొందరేం లేదు" అనొచ్చు. పని అయ్యాక కూడా అదే బాత్‌రూమ్, అదే బకెట్. తర్వాతి బుకింగ్‌కి ఇంకో 20 నిమిషాలు లేటవుతుందని అతను మొహమాటపడితే, ఆలస్యం మా వల్లే అని యాప్‌లో మీరే రాసి పంపొచ్చు.